చెప్పినా ఎందుకు వినరు? ఊళ్ళలో సైన్సు చెప్పేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ముప్పై ఏళ్ళు హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పాను. ఆదివారాలు, సెలవులు వస్తే నీళ్ళ పరీక్ష పెట్టె సంచిలో వేసుకుని కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఒంగోలులో ఇంటిపట్టున ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన టీచర్లు, ఆశా కార్యకర్తలు, కాలేజీ పిల్లలు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే. ఒకే జవాబు పదిసార్లు చెప్పే ఓపిక తగ్గి రాసిపెట్టాను. కొన్నింటికి పొడుగు జవాబులు, కొన్నింటికి ఒక్క ముక్క. ఎక్కడ ఎక్కువ దెబ్బలు తిన్నానో అక్కడ ఎక్కువ రాశాను.

నిజం చెబితే చాలదా? ఆధారం కళ్ళముందు పెట్టినా ఎందుకు నమ్మరు?

ఫ్లోరైడ్ సంగతి చెబుతాను. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల పళ్ళు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయే జబ్బును మన దేశంలో మొదటిసారి వైద్య పత్రికకు ఎక్కించింది 1937లో. అది మన ప్రాంతం గురించే. అప్పుడు పొదిలి, దర్శి, కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేవి. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడింది, 1972లో ప్రకాశం జిల్లా అయింది. జిల్లా కంటే జబ్బే పెద్దది వయసులో.

ఒక ఊళ్ళో పెద్ద చేదబావి ఉండేది. గాజు గొట్టంలో ఆ నీళ్ళు పోసి మందు చుక్కలు వేశాను. ఎర్రగా నిలవాల్సిన రంగు పసుపుకు తిరిగింది. చుట్టూ ఇరవై మంది చూశారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సర్దుకోవచ్చు, ఇక్కడ అంతకు మించి ఉంది అని లెక్క చెప్పాను. గట్టు మీద కూర్చున్న ఒక అవ్వ లేచింది. "ఇది మా మామ తవ్వించిన బావి, అబ్బాయీ. ఈ నీళ్ళు తాగే ఆరుగురిని కన్నాను" అంది. నేను బిగుసుకుపోయిన ఆమె చేతి వేళ్ళు చూపించి, అవి మడవడానికి రాకపోవడానికి కారణం ఈ నీళ్ళే అన్నాను. అంత తెలివితక్కువ మాట నేను జీవితంలో ఇంకోటి అనలేదు. ఆమె నా చేతిలోని గొట్టం తీసుకుని నీళ్ళు పారబోసి, గొట్టాన్ని మర్యాదగా తిరిగి ఇచ్చి వెళ్ళిపోయింది. ఆమె వెంట మిగిలినవాళ్ళూ కదిలారు.

ఆ ఊరి నర్సమ్మ సాయంత్రం టీ ఇస్తూ అంది: "మాస్టారూ, మీరు నీళ్ళకు వంక పెట్టాననుకుంటున్నారు. ఆమె మామకు వంక పెట్టారు."

నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. ఈసారి పెట్టె తెరవలేదు. బావి ఎవరు తవ్వించారు, ఏ కరువులో తవ్వించారు, ఎన్ని మట్లకు నీళ్ళు పడ్డాయి అని ఆమెనే అడిగాను. గంటసేపు చెప్పింది. ఆఖర్న నేను ఒక్క సంగతే చెప్పాను. ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు, కాబట్టి అది బావి తవ్వించిన ఆమె మామ కంటికి కనిపించే అవకాశం లేదు. రాతి పొరల్లో ఉండి నీళ్ళలోకి కరిగి వస్తుంది. బావి నీళ్ళు స్నానాలకు, బట్టలకు, గిన్నెలకు భేషుగ్గా వాడుకోవచ్చు, తాగడానికి, వండుకోవడానికి మాత్రం వేరే నీళ్ళు తెచ్చుకోండి అన్నాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. కానీ మనవరాలి బిందె తాగునీటి కుళాయి దగ్గర కనిపించడం మొదలైంది.

ఈ పేజీలో మిగిలినదంతా ఆ అవ్వ దగ్గర నేర్చుకున్నదే. ఒక వాస్తవాన్ని ఒప్పుకుంటే ఎదుటి మనిషికి ఏదో ఒకటి పోతుంది. పరువో, పెద్దల మీద గౌరవమో, ఊళ్ళో చోటో, కష్టంలో దొరికిన ఒకే ఒక్క ఆసరానో. ఏం పోతుందో తెలుసుకోకుండా నోరు తెరిస్తే మన సైన్సు గాజు గొట్టంలోనే మిగిలిపోతుంది.

"మేము నీళ్ళు కాచి తాగుతున్నాం" అంటారు. ఏం చెప్పాలి?

ముందు మెచ్చుకోండి, మంచి అలవాటే. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు, ఎందుకంటే అది ప్రాణి కాదు. పైగా నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో అది చిక్కబడుతుంది. ఉప్పు చారు మరగబెడితే ఉప్పన ఎక్కువవుతుందా, తగ్గుతుందా అని అడగండి. వంట చేసే ఏ ఆడమనిషీ దీనికి తప్పు జవాబు చెప్పదు. క్యాండిల్ ఫిల్టరు కూడా ఫ్లోరైడును ఆపదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి, లేకపోతే ఆర్వో, అన్నిటికంటే మేలు దూరం నుంచి వచ్చే నది నీళ్ళు.

చదువు లేకపోవడం వల్లే కదా ఇదంతా?

కాదు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే కావడం నాకు ఎప్పుడూ చిత్రంగా ఉంటుంది.

1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు కాన్పుల వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోవడం చూశాడు. డాక్టర్లు శవపరీక్ష చేసిన చేతులతోనే వచ్చి కాన్పులు చేసేవారు. క్లోరిన్ సున్నపు నీళ్ళతో చేతులు కడుక్కుంటే మరణాలు బాగా తగ్గాయి. లెక్కలు స్పష్టంగా ఉన్నాయి. అయినా ఆనాటి పెద్ద డాక్టర్లలో చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అన్నాళ్ళూ తల్లులను చంపింది తమ చేతులేనని ఒప్పుకోవాలి. దానికి తోడు సెమ్మెల్‌వైస్ నోరు మంచిది కాదు, కాదన్నవాళ్ళను హంతకులని తిడుతూ ఉత్తరాలు రాశాడు. అంటే ఐరోపాలో అందరికంటే చదువుకున్న మనుషులు మా బావిగట్టు అవ్వకంటే మొండిగా కూర్చున్నారు. చదువుకున్నవాడికి తన నమ్మకానికి సాకులు వెతుక్కునే నేర్పు కూడా ఎక్కువే ఉంటుంది.

గ్రహణం రోజు పళ్ళెంలో రోకలి నిలబడింది. నా కళ్ళతో చూశాను. దానికి ఏమంటారు?

నిలబడిందనే అంటాను. నేనూ నిలబెట్టాను, గ్రహణం రోజున కాదు, ఒక మామూలు మంగళవారం.

రోకలి అడుగున ఇనుప పొన్ను ఉంటుంది. ఏళ్ళ తరబడి దంచి దంచి అది చదునుగా అరుగుతుంది. ఇత్తడి పళ్ళెం చదునైన నేల మీద పెట్టి, పసుపు నీళ్ళు పోసి, రోకలి నిటారుగా పట్టుకోండి. ఊపిరి బిగబట్టి కొంచెం కొంచెం సర్దుతూ ఉంటే, దాని బరువు సరిగ్గా పొన్ను మీదుగా పడే చోటు ఒకటి చేతికి తెలుస్తుంది. మెల్లగా వేళ్ళు వదలండి. మొదటిసారి పడుతుంది, ఆరోసారో ఏడోసారో నిలబడుతుంది. గ్రహణం రోజున మాత్రమే నిలబడుతుందన్న నమ్మకం ఎందుకు పుట్టిందంటే, మిగతా రోజుల్లో ఎవరూ ప్రయత్నించరు కాబట్టి.

ఇక నా తప్పు. 2019 డిసెంబరు 26 ఉదయం సూర్యగ్రహణం. మా వీధిలో ఒక స్నేహితుడు వాకిట్లో రోకలి నిలబెట్టి అందరినీ పిలిచాడు. నేను మర్నాడు అదే వాకిట్లో, అదే రోకలి, అదే జనం ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆరోజు వాదన గెలిచాను. ఆయన ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు, రోకలి గురించి అభిప్రాయమూ మార్చుకోలేదు. ఇప్పుడైతే ఏం చేస్తానంటే, రోకలిని పిల్లల చేతికి ఇస్తాను. "ఇంకో రోజు నిలబడుతుందా, లేదా? మీరే చూసి రండి" అంటాను. పిల్లవాడు ఇంటికి వెళ్ళి నాన్న ముందు నిలబెడతాడు. కొడుకు చేతిలో ఓడిపోతే ఏ తండ్రికీ అవమానం కాదు.

కృష్ణపట్నం మందు పనిచేసింది కదా? మా అమ్మ దానితోనే బతికింది.

ఈ ప్రశ్న అడిగిన మనిషితో ముందు అమ్మ గురించి మాట్లాడండి. మందు గురించి తర్వాత.

2021 మే నెల గుర్తు తెచ్చుకోండి. ఆస్పత్రిలో పడక దొరకలేదు, ఆక్సిజన్ సిలిండరు కోసం ఊళ్ళు పట్టుకు తిరిగారు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో కోవిడ్‌కు ఉచితంగా ఆకుమందు ఇస్తున్నారన్న కబురు పాకింది, వేలల్లో జనం వెళ్ళారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి పరీక్షలు చేయించింది. హానికరమైనవి ఏమీ లేవన్నారు, కోవిడ్ తగ్గిస్తుందనడానికి ఆధారం కూడా లేదన్నారు. నెలాఖరులో కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇస్తూ, డాక్టరు రాసిన మందులు మానవద్దని చెప్పారు. ఆ వరుసలో నిలబడినవాళ్ళను వెర్రివాళ్ళు అన్నవాళ్ళమీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. మూసి ఉన్న పది తలుపులు తట్టి వచ్చిన మనిషి తెరిచి ఉన్న పదకొండో తలుపులోకి వెళ్ళాడు.

ఇక పనిచేసిందా అన్న ప్రశ్న. దీనికి నేను సుద్దముక్కతో నేల మీద నాలుగు గళ్ళు గీస్తాను. గుప్పెడు చింతగింజలు తీసుకుంటాను. మందు తీసుకుని కోలుకున్నవాళ్ళు ఎంతమంది తెలుసు? మొదటి గడి నిండిపోతుంది. ఏ ఆకుమందూ తీసుకోకుండా కోలుకున్నవాళ్ళు? కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒకాయన "మా తమ్ముడు" అంటాడు, ఇంకొకామె "మా ఇంట్లో ముగ్గురం" అంటుంది, ఆ గడీ నిండుతుంది. తీసుకోకుండా పోయినవాళ్ళకు ఇంకో గడి. ఇక తీసుకున్నా పోయినవాళ్ళు? ఆ గడి దగ్గర చేతులు ఆగిపోతాయి. వాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పలేరు, వాళ్ళ ఇంటివాళ్ళు మాట్లాడటానికి ఇష్టపడరు. కోవిడ్ సోకినవాళ్ళలో చాలా ఎక్కువమంది ఎలాగూ కోలుకుంటారు కాబట్టి, ఆ రోజుల్లో ఎవరికి ఏం ఇచ్చినా మొదటి గడి నిండేది. మజ్జిగ ఇచ్చినా నిండేది. నాలుగు గళ్ళూ చూడకుండా ఒక్క గడి చూసి తీర్పు చెప్పలేం.

గింజలు వాళ్ళే వెయ్యాలి. మీరు వేస్తే అది ఉపన్యాసం అయిపోతుంది. అమ్మ బతికింది ఈ మందుతో కాదు అని మాత్రం అనకండి. అది మీకూ తెలియదు. ఆ ఒక్క మనిషి విషయంలో ఎవరికీ తెలియదు. ఆ మాట ఒప్పుకుంటే మిగతా మాటలు వింటారు.

పాము కరిచినప్పుడు మంత్రగాడి దగ్గరకు తీసుకువెళతామని పట్టుబడితే?

ఇక్కడ వాదన వద్దు, బండి తీయండి. 108కు ఫోన్ చేయండి. వాళ్ళు మంత్రం మానరు అనిపిస్తే మంత్రగాణ్ణి కూడా ఆటో ఎక్కించండి, దారిపొడుగునా చదువుకోమనండి. నేను రెండుసార్లు ఇలాగే చేశాను. మంత్రగాడికి గౌరవం దక్కింది, మనిషికి ఆస్పత్రి దక్కింది. గట్టిగా కట్టు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచండి.

తీరికగా మాట్లాడుకునే రోజున మంత్రం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుందో చెప్పవచ్చు. మన దగ్గర ప్రాణాలు తీసేవి ప్రధానంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మనుషులను కరిచే పాముల్లో చాలా భాగం విషం లేనివి. విషపు పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. ఆ కాట్లన్నీ మంత్రగాడి ఖాతాలో జమ అవుతాయి. కట్లపాము సంగతి వేరు. రాత్రిపూట నిద్రలో కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతాయి. దాని ముందు ఏ మంత్రానికీ పేరు రాలేదు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటు మరణాలు ఏడాదికి సగటున 58,000 అని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. విషానికి విరుగుడు సూది ఆస్పత్రిలోనే ఉంటుంది.

కొబ్బరికాయతో బోరు చోటు చూపించేవారి మాట నిజమవుతోంది కదా?

అరచేతిలో కాయ పెట్టుకుని చేనంతా నడుస్తారు, ఒకచోట కాయ లేచి నిలబడుతుంది. ఆయన మోసం చేస్తున్నాడని నేను అనను, చాలామంది నిజంగా నమ్మే చేస్తారు. మనం అనుకోకుండానే మన చెయ్యి సన్నగా కదులుతుంది. ఈ కదలిక గురించి విలియం కార్పెంటర్ అనే శాస్త్రవేత్త 1852లోనే రాశాడు.

మన పడమటి మండలాల్లో కింద గట్టి రాయి. నీళ్ళుండేది పైన శిథిలమైన రాతి పొరలో, లోపలి పగుళ్ళలో. పగులు తగిలితే పడతాయి, తగలకపోతే పొడి దుమ్ము లేస్తుంది. పడిన బోరు మీద ఇరవై ఏళ్ళు కథ చెబుతారు, ఎండిన బోరుకు మూత బిగించి మరిచిపోతారు. రైతుతో "కాయ అబద్ధం" అని వాదించకండి. ఆయన అప్పు తెచ్చి బోరు వేస్తున్నాడు, ఆ భయానికి ఎవరో ఒకరు "ఇక్కడ" అని వేలు చూపించాలి. మీరు ఆ వేలు అందించండి. భూమిలోకి కరెంటు పంపి రాతి పొరలను అంచనా వేసే సర్వే చేసేవాళ్ళను పరిచయం చేయండి. అది కూడా తప్పవచ్చు అని ముందే చెప్పండి. కాయను కూడా పట్టించుకుంటాను అంటే పట్టించుకోనివ్వండి, రెండూ చెరో చోటు చూపిస్తే అప్పుడు ఏది ఎంచుకుంటాడో ఆయనకే వదిలేయండి.

అమ్మవారు పోసిందంటే ఏం చేయాలి? దేవుడి సంగతి కదా, మాట్లాడాలంటే భయంగా ఉంది.

భయపడే అవసరం లేదు, అమ్మవారిని వదిలేయమని అడగకండి, అంతే. ఆటలమ్మ వచ్చిన ఇంట్లో వేపాకు కడతారు, కొత్తవాళ్ళను రానివ్వరు, పిల్లవాణ్ణి బడికి పంపరు, చలవ చేసేవి పెడతారు. ఆలోచిస్తే ఇందులో సగం డాక్టరు చెప్పేదే, ముఖ్యంగా వేరుగా ఉంచడం. దాన్ని మెచ్చుకుని, రెండే కలపండి. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్ పిల్లలకు ఇవ్వకూడదు. ఊపిరి ఆడకపోయినా, మగతగా ఉన్నా, కురుపులు చీము పట్టినా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

నేను పోలేరమ్మ గుడి అరుగు మీద కూర్చుని టీకాల గురించి మాట్లాడాను. మశూచి ప్రపంచంలోనే లేకుండా పోయిందని 1980లో ప్రకటించారు. ఒక పెద్దాయన "అయితే తల్లి శాంతించింది" అన్నాడు. నేను "అవును, టీకా వేయించుకున్నాక" అన్నాను. ఇద్దరికీ నచ్చింది.

ఎక్కువ వాదిస్తే ఇంకా మొండికేస్తారట కదా? పరిశోధన కూడా ఉందంటున్నారు.

ఉంది. బ్రెండన్ నైహన్, జేసన్ రైఫ్లర్ 2010లో అలాంటి ఫలితం ప్రకటించారు. తప్పు దిద్దితే కొందరిలో ఆ తప్పుడు నమ్మకమే బలపడింది. ఆ మాట ప్రపంచమంతా పాకింది, చాలామంది టీచర్లకు నోరు మూసుకోవడానికి మంచి సాకు కూడా అయింది. తర్వాత థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 52 అంశాల మీద వేలమందితో పరీక్షించి 2019లో ప్రకటించారు. ఆ ఎదురుదెబ్బ దాదాపు ఎక్కడా కనిపించలేదు. నిజం చెబితే జనం ఎంతో కొంత దిద్దుకుంటారు. కాబట్టి చెప్పండి. అయితే తెలుసుకోవడం వేరు, నడవడిక మార్చుకోవడం వేరు. సిగరెట్టు చెడ్డదని తెలియనివాడు ఒంగోలు బస్టాండులో ఒక్కడు కూడా దొరకడు.

కుటుంబం వాట్సాప్ గ్రూపులో మా బావగారు తప్పుడు కబుర్లు పెడుతుంటారు. నలుగురిలో ఎలా చెప్పను?

నలుగురిలో చెప్పవద్దు. అల్లుడికి అత్తవారింటి గ్రూపులో తల దించుకునే పరిస్థితి కల్పిస్తే ఆయన ప్రాణం పోయినా ఒప్పుకోడు, మీ అక్క మీతో పండక్కి మాట్లాడదు. విడిగా రాయండి. పారాసెటమాల్ మాత్రలో మాచుపో వైరస్ ఉందని ఒక కబురు ఏళ్ళ తరబడి తిరుగుతోంది కదా, అది వచ్చిందనుకోండి. నేనైతే ఇలా రాస్తాను:

"బావగారూ, పారాసెటమాల్ మాత్రలతో భయం లేదు, డాక్టరు చెప్పిన మోతాదులో వాడుకోవచ్చు. ఎండు మాత్రలో వైరస్ బతకదు. గ్రూపులో వచ్చిన పేరు బొలీవియాలో ఎలుకల నుంచి సోకే ఒక వైరస్‌ది. పిల్లలకు జ్వరం వస్తే ఇస్తాం కాబట్టి మీరు కంగారుపడి పంపి ఉంటారు. గ్రూపులో మీరే ఒక మాట రాస్తే బాగుంటుంది, మీ మాట అయితే అందరూ వింటారు."

చూడండి, మొదటి వాక్యం నిజంతో మొదలైంది, అబద్ధాన్ని మళ్ళీ పూర్తిగా వల్లించలేదు. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లోనే ముగ్గురు అమెరికా పరిశోధకులు చూపించారు. ఖండించడానికి కూడా అబద్ధాన్ని పెద్ద అక్షరాల్లో రాయకూడదు. ఇక దిద్దే పని బావగారికే అప్పగించాం. గ్రూపులో పెద్దరికం ఆయనదే.

శాస్త్రవేత్తలే రోజుకో మాట మారుస్తుంటే జనం ఎలా నమ్ముతారు?

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు నెల్లూరు, మచిలీపట్నం మధ్య తీరం దాటుతుందన్నారు, చివరికి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. మాట మారలేదు, మధ్యలోని ఖాళీ తగ్గుతూ వచ్చింది. రేపటి గురించి చెప్పేవాడు ఇంత నుంచి ఇంత వరకు అని చెబితే నిజాయితీపరుడు. దీన్ని మన తీరంలో మత్స్యకారులకు నేర్పనక్కరలేదు, వాళ్ళు అలాగే మాట్లాడుకుంటారు.

శ్రీహరికోట సంగతి ఇంకా బాగుంటుంది. ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు 1979 ఆగస్టు 10న సముద్రంలో పడింది. తప్పేమిటో వెతికారు. 1980 జూలై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. తప్పు ఒప్పుకోకపోతే రెండోది కూడా సముద్రంలోనే పడేది.

రొయ్యల రైతు యాంటీబయాటిక్ మానడం లేదు. ఎంత చెప్పినా.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్ళి ఒక రాత్రి చెరువు గట్టున ఉండండి. ఏరేటర్ల చప్పుడు మధ్య టార్చిలైటు వేసి చెక్ ట్రే పైకి లాగుతాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండిందా, పెంకు మీద తెల్లమచ్చలు ఉన్నాయా? లక్షల అప్పు ఆ ట్రేలో కనిపిస్తుంది. అప్పుడు మీరు "తెల్లమచ్చ వైరస్ వల్ల వస్తుంది, వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు" అంటే ఆయనకు వినిపించేది "చేతులు కట్టుకుని చూస్తూ ఉండు" అని. చేతులు ఊరికే ఉండవు. కాబట్టి వాటికి పని చెప్పండి. వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష చేసిన సీడే, అంటే రొయ్య పిల్లలనే, తెచ్చుకోవడం, ఎండ్రకాయలు రాకుండా గట్టు చుట్టూ కంచె, పక్షులకు వల, తెగులు తగిలిన చెరువు నీళ్ళను క్లోరిన్ వేయకుండా కాలువలోకి వదలకపోవడం. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికి ఎగుమతి సరుకు తిరిగివచ్చిన కథ మీరు చెప్పకండి, అలా నష్టపోయిన పక్క రైతు చేత చెప్పించండి.

శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని రాజ్యాంగంలోనే ఉంది కదా, అది చూపించి గట్టిగా అడగవచ్చా?

ఉంది, 51ఎ అధికరణం, 1976లో 42వ సవరణతో వచ్చింది. కానీ అది అద్దం లాంటిది, ముందు మన ముఖానికి పెట్టుకోవాలి. ఎదుటివాడికి చూపిస్తే మనల్ని పోలీసులనుకుంటాడు.

మన ప్రాంతంలో ఒప్పించడం నిజంగా ఎప్పుడైనా గెలిచిందా?

గెలిచింది, దేశమంతా చూసింది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం. పగలంతా కూలికి వెళ్ళిన ఆడవాళ్ళు రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకున్నారు. వాచకంలో ఒక పాఠం తమలాంటి ఆడవాళ్ళ గురించి, ఇంట్లో సారా పెట్టే చిచ్చు గురించి. దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు, వాళ్ళ ముందు నడిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో అది చాలావరకు సడలిపోయిందనుకోండి, అది రాజకీయాల సంగతి.

నేను అప్పుడు ఒక రాత్రిబడిలో వాలంటీరుని. కాలేయం బొమ్మ గీసి, సారా తాగితే అది ఎలా పాడవుతుందో చెప్పే చార్టు ఒకటి తయారుచేసి గర్వంగా గోడకు తగిలించాను. ఒక్కరు కూడా దాని వైపు చూడలేదు. వాళ్ళు లెక్కలు చేసుకుంటున్నారు, పలకల మీద. కూలి ఎంత, అందులో కొట్టుకు ఎంత, బియ్యానికి మిగిలింది ఎంత. కొత్తగా నేర్చుకున్న తీసివేత లెక్క. ఒకామె జవాబు సున్నా కింద గీత గీసి, ఆ పలకను తిప్పి పక్కామెకు చూపించింది. ఆమె తన పలక చూపించింది. గదిలో మాటలు ఆగిపోయాయి. నా చార్టు ఆ తర్వాత కూడా అక్కడే ఉంది, ఎలుకలు కొట్టేదాకా.

ఎవరిని వదిలేయాలి?

ఆ అబద్ధం మీద వ్యాపారం చేసేవాణ్ణి. అతనితో మాట్లాడుతున్నట్టే మాట్లాడుతూ చుట్టూ నిలబడి వింటున్నవాళ్ళకు చెప్పండి.

మా ఊరి నీళ్ళు పరీక్ష చేయించాలి. ఎక్కడ, ఎలా?

గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు ఉన్నాయి, మీ ఊరి సచివాలయంలో అడిగితే దగ్గరిది ఎక్కడో చెబుతారు. శుభ్రమైన లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరైతే కాసేపు నీళ్ళు పోనిచ్చి, అదే నీళ్ళతో సీసాను రెండు మూడుసార్లు తొలిచి, నిండుగా పట్టండి. ఊరు, బోరు లేదా బావి, పట్టిన తేదీ సీసా మీద రాయండి. నాలుగు చోట్ల పట్టండి, ఒకే ఊళ్ళో రెండు బోర్లకు పొంతన ఉండదు. ఫలితం కాగితం వచ్చాక పంచాయతీ బోర్డుకు అంటించే ముందు, ఆ బావి తవ్వించినవాళ్ళ ఇంటికి వెళ్ళి ఒకసారి చూపించండి.